ఎర్రంకెలు

గుంతకల్లులో, మా ఇంటెనక రేకుల షెడ్డులో
వేలంలో కొన్న లేత్ మిషను.
దాని నుదుటి మీద ఇత్తడి రేకు,
ఏ పుల్లీకి ఎంత వేగమో రాసిన పట్టిక.
నూనెగుడ్డ తుడిచి తుడిచి
అంకెలు ఎప్పుడో అరిగిపోయినాయి.

నాకు పట్టికతో పని లేకుండె.
చెవి ఉండె.
ఇనుము సన్నగా కీచుమంటే వేగమెక్కువ,
గరగరమంటే తక్కువ,
బాణలిలో శనక్కాయలు వేగే చప్పుడొస్తే
సరిగ్గా సరి.

నిరుటి ఎండాకాలం నుంచి
కుడి చెవిలో ఒక రైలు నిలబడి ఉంది.
ఇంజను ఆపరు. బండి కదలదు.
ఆ రొదలో ఒక బోరు మోటరు షాఫ్టు పాడు చేసినా.
ఉరవకొండ పక్క రైతు తిప్పయ్య ఏమీ అనలే,
షాఫ్టును ఎండలోకి తీసుకపోయి
తిప్పి తిప్పి చూసినాడు.
అనుంటే బాగుండు.

వీధి చివర ఖాజాబీ మనవరాలు గౌసియా
పాలిటెక్నిక్‌లో రెండో ఏడు.
"చెవి పోతే పోనీ మామా, కన్నుంది కదా" అని
నల్లపూసంత సెన్సారు, నాలుగంకెల డిస్‌ప్లే,
గోరంత అయస్కాంతం తెచ్చింది.
అన్నీ కలిపి రెండొందల డెబ్బై, బిల్లుతో సహా.
"స్పిండిల్ వెనక కొసకు ఇది, ఎదురుగా అది.
చుట్టుకొకసారి మొగాలు చూసుకుంటాయి.
నిమిషానికి ఎన్నిసార్లు చూసుకుంటే అంత వేగం."
చూపులను కూడా లెక్కపెట్టొచ్చని
నాకు అరవై రెండేండ్లకు తెలిసింది.

మొదటి రోజు, జిగురు ఆరకముందే స్విచ్చి వేసినా.
పైరేకుకు ఠంగున తగిలి ఎటో పాయె.
గంటసేపు ఎతికితే
ఇనుప రజను కుప్పలో దొరికింది,
ఒళ్లంతా ముళ్లు మొలిచి
పల్లేరుకాయ మాదిరి.
ఎంత తుడిచినా ఆ ముళ్లు
ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతాయే గానీ ఊడవు.

మళ్లా అల్యూమినియం కాలరు ఒకటి తిప్పి
బెజ్జం వేసి లోపలికి దిగేసినాం.
ఒక పక్కే బరువుంటే అదురుతాదని
ఎదురుబొదురుగా ఇంకోటి.
స్విచ్చి వేస్తే ఎర్రంకెలు వెలిగినాయి:
తొమ్మిదొందల అరవై.
"అబద్ధం" అన్నా.
చెవి పోయినా, బెడ్డు మీద ఆనించిన అరచేతికి తెలుసు.
గౌసియా నాలిక కరుచుకుంది.
"రెండున్నాయి కదా, రెండుసార్లు ఎంచింది!"

రెండోదాన్ని పెరికి, తిరగేసి పెట్టింది.
"ఈ మొగం సెన్సారుకు కనపడదు మామా.
బరువుంటాది. లెక్కలోకి రాదు."

స్క్రూడ్రైవరు పట్టుకోని అట్లే నిలబడినా.
పదకొండేండ్లు
డీజిల్ షెడ్డులో కాంట్రాక్టరు మనిషిగా తిరిగినోణ్ణి,
మస్టరులో పేరు లేదు.
బళ్లారి దిక్కు, రేణిగుంట దిక్కు
ఇంజన్లు అదరకుండా పోయినాయి.
ఆ పిల్లకు చెప్పలే.
వైర్లు పంటితో ఒలుస్తా ఉంది,
వద్దంటే వినదు.

నాలుగొందల ఎనభై.
ఇనుముకు టూలు ఆనిస్తే నాలుగొందల ముప్పై ఒకటి.
యాభై చుట్లు యాడికి పోయినట్టు?
బెల్టు జారుతా ఉంది.
ఎన్నేండ్ల నుంచో జారుతానే ఉంది,
ఆ జారుడునే నా చెవి
శనక్కాయల చప్పుడని నమ్మింది.
గౌసియా ముందర చెవిని తిట్టుకోలేక
బెల్టును తిడతా బిగించినా.

తిప్పయ్య కొత్త షాఫ్టు కోసం వచ్చినాడు.
చేతిలో పెడితే దాన్ని చూడలే,
ఎర్రంకెలను చూసినాడు.
"ఇదేంది వన్నూరప్పా, కరెంటు మీటరా?
దీనికి బిల్లొస్తాదా?"

"రాదు" అన్నా.
మిషను ఆపినా. అంకెలు దిగుతా దిగుతా
సున్నా కాడ నిలబడినాయి.
"ఇంకా రాలేదు" అన్నా.